పాత ఫోటోలు బాగుచేయడానికి అమీర్‌పేట కోచింగ్ కావాలా?

పాత ఫోటోలు బాగుచేసుకోవడానికి ఫోటోషాప్ కోచింగ్‌లో చేరాలా, ఇంట్లోనే వస్తుందా అని అడిగారు. చేరినవాడిగా చెప్తున్నా, ముందు ఇంట్లోనే మొదలుపెట్టండి. నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి రెండు నెలలు వెళ్లాను. అక్షరాలకు మంటలు పెట్టడం, మనిషిని కత్తిరించి ఈఫిల్ టవర్ ముందు నిలబెట్టడం, వీటితోనే సరిపోయింది. వెలిసిపోయిన ఫోటోని ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

నాకు పని నేర్పింది అమ్మ బీరువాలో దొరికిన నా మొదటి పుట్టినరోజు ఫోటో. పసుపుపచ్చగా మారిపోయి, మధ్యలో మడత. మా వీధి జిరాక్స్ షాపతను 200 డీపీఐలో, అంటే అంగుళానికి 200 చుక్కల చొప్పున స్కాన్ చేసిచ్చాడు. అది చాలదు. 600 అని నోరు తెరిచి అడగండి, 4×6 అంగుళాల ప్రింటుకి 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు, ఫోటోషాప్ లాంటిదే గింప్, అది ఉచితం.

ముందు మడత జోలికి పోకండి. నలుపు, తెలుపు సర్దే లెవెల్స్ అనే టూల్ తెరవండి. అక్కడ కనిపించే గుట్టలాంటి బొమ్మలో ఎడమ చివర 0 అంటే కటిక నలుపు, కుడి చివర 255 అంటే తెలుపు. వెలిసిన ఫోటోలో గుట్ట మధ్యలోనే ఉండి రెండు చివరలూ ఖాళీగా ఉంటాయి. బొమ్మ కింద రెండు చివరలా ఉన్న త్రికోణాలను గుట్ట మొదలయ్యే చోటికి, ముగిసే చోటికి జరపాలి. ఇది మొత్తానికి ఒకేసారి కాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలో విడివిడిగా చేయండి. కలర్ ప్రింటులోని రంగులన్నీ ఒకే వేగంతో వెలిసిపోవు, పసుపు తిరగడానికి కారణం అదే. మూడూ సర్దేసరికి నాన్న పంచె తెల్లబడింది. నిజంగా ఒళ్లు జలదరించింది! అక్కడే ఆగాలి, ఇంకా లాగితే మొహాలు మాడిపోతాయి.

తర్వాత మడత. గోడ, నేల లాంటి చోట్ల హీలింగ్ టూల్ చాలు, చుట్టూ ఉన్న రంగుకి తనే సర్దుకుంటుంది. జుట్టు అంచు, చీర అంచు దగ్గర మాత్రం అలుక్కుపోతుంది, అక్కడ ఒక చోటి ముక్కను ఉన్నదున్నట్టు ఇంకోచోట అద్దే క్లోన్ టూల్ వాడండి. గింప్‌లో కంట్రోల్, ఫోటోషాప్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుని, బాగున్న చోట క్లిక్ చేసి ఆ ముక్క తీసుకోవాలి.

ఇక నేను చేసిన వెధవపని. ఊపులో ఉన్నాను కదా, మచ్చ కనిపిస్తే చాలు తుడిచేశాను. అమ్మకి చూపిస్తే చాలాసేపు చూసి, "ఏరా, బుగ్గన పెట్టిన దిష్టిచుక్క ఏది?" అంది. నేను దాన్ని ఫంగస్ మరక అనుకున్నాను! పైగా అసలు స్కాన్ ఫైల్ మీదే గీకి, దాని మీదే జేపెగ్‌గా సేవ్ చేశాను. వెనక్కి రావడానికి దారి లేదు, మళ్లీ జిరాక్స్ షాపుకి.

రెండోసారి డూప్లికేట్ లేయర్ మీద, అంటే ఫోటో పైన పరిచిన దాని నకలు పొర మీద చేశాను. పొరపాటున ఏదైనా పోయినా, పై లేయర్‌లో అంతమేర ఎరేజర్‌తో చెరిపితే కింద ఉన్నది బయటపడుతుంది. అందుకు పై లేయర్‌కి ఆల్ఫా ఛానెల్ (చెరిపిన చోటు పారదర్శకంగా మారడానికి) ఉండాలి, మెనూలో ఒక్క క్లిక్కే. పని అయ్యేవరకు లేయర్లను అలాగే ఉంచే గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌గానే సేవ్ చేసుకోండి, జేపెగ్ చిట్టచివర.

మీ మొదటి ఫోటోకి చిరుగు మొహం మీదుగా పోయినదాన్ని ఎంచుకోకండి. గోడ మీదో కర్టెన్ మీదో పోయినది చూసుకోండి. కళ్లూ పెదాలూ ఓ పది ఫోటోలు చేశాక ముట్టుకోవచ్చు.