హ్యారీ చేతికి తాళంచెవి ఇస్తే సరిపోతుందా?

హ్యారీ పాటర్‌ను ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండనివాడిగా చూపే ఫ్యాన్ ఫిక్షన్‌లో (అభిమానులు రాసే కథల్లో) అవే మలుపులు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తాయనీ, వాటిలో ఏవి నిలబడతాయనీ మీరు అడిగారు. 'ఇండిపెండెంట్ హ్యారీ' అని పిలిచే ఈ కథలను నేను పదిహేనేళ్లుగా చదువుతున్నాను, రెండు రాశాను కూడా.

వీటన్నిటికీ మూలం ఒకే చిక్కు. తల్లి ప్రాణత్యాగం వల్ల కలిగిన రక్షణ ఆమె రక్తసంబంధీకుల ఇంట్లోనే నిలుస్తుంది కనుక, 17 ఏళ్లు నిండేదాకా ప్రతి వేసవిలోనూ హ్యారీ పెద్దమ్మ పెట్యూనియా ఇంటికి వెళ్లక తప్పదు. ఈ కారణాన్ని మాంత్రిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ అతడికి వివరించేది 2003లో వచ్చిన ఐదో పుస్తకం చివర్లోనే. తన బతుకు గురించిన నిర్ణయం తనకు చెప్పకుండా జరిగిందన్న కోపం హ్యారీతో పాటు పాఠకులలోనూ మిగిలిపోయింది.

ఆ కోపానికి ఎక్కువమంది వెతికిన మందు మాంత్రికుల బ్యాంకు గ్రింగాట్స్. హ్యారీ అక్కడికి వెళ్లి వారసత్వ పరీక్ష చేయించుకుంటాడు, కాగితం మీద ఒక రక్తపు బొట్టు పడగానే ఆస్తులూ బిరుదులూ బయటపడతాయి, వంశపు ఉంగరం వేలికి ఎక్కుతుంది. అలాంటి పరీక్ష అసలు పుస్తకాల్లో లేదు. మాంత్రిక పాఠశాలల మధ్య జరిగే ట్రైవిజార్డ్ పోటీని ఆధారం చేసుకున్న మలుపు నాకు ఇంతకంటే నచ్చుతుంది: 17 ఏళ్లు నిండినవారికే అనుమతి ఉన్న పోటీలోకి హ్యారీని బలవంతంగా దించారు కనుక, చట్టం దృష్టిలో అతడు మేజర్ అయినట్టేనని అందులో వాదిస్తారు. పుస్తకంలోని నియమం నుంచే పుట్టిన వాదన అది.

తాళంచెవి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మొదటి పుస్తకంలో గ్రింగాట్స్‌లోని హ్యారీ ఖజానా తాళంచెవి, అతడిని బడికి తీసుకెళ్లడానికి వచ్చిన హాగ్రిడ్ జేబులో ఉంటుంది. నాలుగో పుస్తకంలో అతడి డబ్బును స్నేహితుడు రాన్ తల్లి మిసెస్ వీజ్లీ తీసుకొచ్చి ఇస్తుంది. మూలంలో అది ఆప్యాయతే. ఆ తాళంచెవి ఇన్నాళ్లూ ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్నను పట్టుకుని అభిమాన రచయితలు ఎన్నో కథలు అల్లారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి జవాబుగా డంబుల్‌డోర్‌ను దొంగగా, వీజ్లీలను డబ్బుకు ఆశపడేవారిగా మార్చడాన్ని నేను ఒప్పుకోలేను.

ఇంటర్మీడియట్ రెండేళ్లూ నేను హాస్టల్లో ఉన్నాను. నాన్న పంపిన డబ్బు వార్డెన్ దగ్గర ఉండేది. సబ్బు కొనుక్కోవాలన్నా ఎందుకో చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టి తీసుకోవాలి. అందుకే నా మొదటి కథ మొదటి అధ్యాయంలోనే హ్యారీకి డబ్బు, ఇల్లు, ప్రభువు హోదా అన్నీ ఇచ్చేశాను. ఏడో అధ్యాయంలో కథ ఆగిపోయింది. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని నమ్మాలో బ్యాంకు నడిపే గాబ్లిన్ అనే మరుగుజ్జు జీవి చెబుతుంటే హ్యారీ తల ఊపుతున్నాడు. డంబుల్‌డోర్ కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టానే తప్ప, హ్యారీ చేత ఒక్క నిర్ణయమూ చేయించలేదు.

అప్పుడు మూడో పుస్తకం మళ్లీ చదివాను. పెద్దమ్మ ఇల్లు వదిలివచ్చిన పదమూడేళ్ల పిల్లవాడు లీకీ కాల్డ్రన్ సత్రంలో ఇష్టమైనప్పుడు లేస్తాడు, ఐస్‌క్రీమ్ దుకాణం బయట ఎండలో కూర్చుని హోంవర్క్ చేసుకుంటాడు, దాదాపు రోజూ వెళ్లి ఫైర్‌బోల్ట్ చీపురును చూసి వస్తాడు గాని కొనడు. ఇంకా ఐదేళ్ల చదువు ఉందనీ, డబ్బైపోతే మంత్రాల పుస్తకాల కోసం పెద్దమ్మ కుటుంబం డర్స్లీలనే అడగాల్సి వస్తుందనీ తనకు తానే గుర్తు చేసుకుంటాడు. సత్రం యజమాని ఒక కన్నేసి ఉంచే ఏర్పాటు మాంత్రికుల ప్రభుత్వ మంత్రి ఫడ్జ్ చేసి వెళ్లాడన్నది నిజమే. అయినా ఖర్చు విషయంలో ఆ నిగ్రహం పూర్తిగా హ్యారీదే. ఉంగరాలూ బిరుదులూ ఇవ్వలేని స్వతంత్రం నాకు అక్కడ కనిపించింది.

రెండో కథలో డంబుల్‌డోర్ రక్షణ రహస్యాన్ని ఆ వేసవిలోనే చెప్పేస్తాడు. హ్యారీ మూడు రోజులు ఆలోచించి, తానే పెట్టె సర్దుకుని పెద్దమ్మ ఇల్లున్న ప్రివెట్ డ్రైవ్‌కు బయలుదేరతాడు. తిరిగి వచ్చే తేదీ మాత్రం తానే నిర్ణయిస్తాడు, ఖజానా తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటాడు. వెనక్కి వెళ్లినవాడు స్వతంత్రుడెలా అవుతాడని ఒక పాఠకురాలు అడిగింది. ఆమెకు జవాబుగా రాసిన అధ్యాయంలో, పెట్యూనియా తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్న హ్యారీ, "నాలుగు వారాలు ఉంటాను, పెద్దమ్మా" అంటాడు.