కర్నూలులో ఆదివారాలు: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌజన్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నా మనసులో తిరుగుతూనే ఉంది. "ఈ ఊళ్లో ఎండ తప్ప ఏముంది పెద్దమ్మా! ఆదివారం వస్తే పిల్లలు ఫోన్లు వదలరు, బయటికి తీసుకెళ్తే గంటకే ఇంటికి పోదామని ఏడుపు" అన్నావు. ఎన్నింటికి తీసుకెళ్లావని అడిగితే పదకొండింటికి అన్నావు. చిక్కంతా అక్కడే ఉంది తల్లీ. కర్నూలు చుట్టూ చూడాల్సినవాటికి కొదవ లేదు. కాకపోతే ఇక్కడ ఎక్కడికి వెళ్లాలో అనుకునే ముందు ఎన్నింటికి వెళ్లాలో, ఏ నెలలో వెళ్లాలో తేల్చుకోవాలి. ఉద్యోగం చేసినన్నాళ్లూ బడి పిల్లల్ని వెంటేసుకుని ఈ చుట్టుపక్కలంతా తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత. ఈ రెండు పూటలూ నీవి. మిగతాదంతా ఎండకే వదిలెయ్.

ముందు అలంపురంతో మొదలుపెట్టు. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం, తుంగభద్ర దాటితే తెలంగాణ. హైదరాబాద్ హైవే మీద అలంపూర్ చౌరస్తా దగ్గర లోపలికి తిరగాలి. పొద్దున్నే ఊళ్లోనే ఉగ్గాణి, బజ్జీ తినేసి బయలుదేరండి. ఉగ్గాణి పార్శిల్ కట్టించుకోవద్దు. నానబెట్టి పిండిన బొరుగులు, పుట్నాల పొడి, ఉల్లిపాయ, పచ్చిమిరప, అన్నీ కలిసిన ఆ రుచి వేడి మీదే. చల్లారితే మెత్తగా ముద్దయిపోతుంది, పక్కన బజ్జీ కూడా సాగిపోతుంది. పాపకు కారం పడదు కాబట్టి బజ్జీలో మిరపకాయ తీసేసి పైపిండి పెట్టు.

అలంపురం వెళ్లినవాళ్లలో చాలామంది జోగులాంబ అమ్మవారిని, బాలబ్రహ్మేశ్వరుణ్ణి చూసుకుని వెంటనే కారెక్కేస్తారు. అమ్మవారిది 18 శక్తిపీఠాల్లో ఒకటి, దర్శనం తప్పకుండా చేసుకోవాల్సిందే. అయితే దర్శనమయ్యాక నవబ్రహ్మ ఆలయాలు తీరిగ్గా చూడండి. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించినవి. పేరుకు బ్రహ్మ అని ఉన్నా తొమ్మిదీ శివాలయాలే. పిల్లలకు చరిత్ర చెప్పడం మొదలుపెడితే ఆవలిస్తారు. అందుకని వాళ్లకొక పని అప్పజెప్పు. "ఈ గుళ్లలో ఒకదాని శిఖరం మిగతావాటిలా ఉండదు, అదేదో కనిపెట్టండి" అను. మిగతావి ఉత్తరాది తీరులో వంపు తిరిగి పైకి లేస్తాయి. తారకబ్రహ్మ ఆలయం ఒక్కటే మన దక్షిణాది పద్ధతిలో మెట్టుమెట్టుగా ఉంటుంది. నువ్వు ముందే చెప్పేయకు, వాళ్లనే చుట్టూ తిరగనివ్వు. ఆ తర్వాత స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర నిలబెట్టి, గోడల మూలల్లో ఉన్న దిక్పాలకులను చూపించి, ఏ దిక్కుకు ఎవరో బాబును అడుగు. బళ్లో దిక్కులు నేర్చుకుంటున్నాడుగా! చెక్కడాల మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వద్దు. పదిన్నరకల్లా ఇంటికొచ్చి పడుకుంటే ఆదివారం ఇంకా సగం మిగిలే ఉంటుంది.

ఓర్వకల్లు రాతివనం నంద్యాల రోడ్డు మీద ఉంది, అదీ దగ్గరే. నీళ్ల చుట్టూ నిలబడ్డ ఆ రాళ్లు చలికాలం సాయంత్రం చూడాల్సినవి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగింటికి వెళ్తే సుఖంగా ఉంటుంది. ఎండాకాలంలో ఆ రాళ్లు రాత్రిదాకా సెగలు కక్కుతూనే ఉంటాయి, అప్పుడు వెళ్లొద్దు. చెప్పులు కాకుండా బూట్లు వేయించు.

ఇక బేలం గుహలు. గుహ అంటే చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు, నువ్వూ అలాగే అనుకుని మే నెలలో ప్లాన్ చేస్తున్నావు. లోపల గాలి ఆడక ఉక్కపోస్తుంది, చొక్కాలు తడిసిపోతాయి. డిసెంబరు, జనవరిల్లో పెట్టుకో. మొత్తం 3,229 మీటర్ల పొడవున్న గుహలో మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు దాకా. అదే కావలసినంత. ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. ఆ తర్వాత 1982, 83లలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. 2002లో గానీ జనాన్ని లోపలికి అనుమతించలేదు. సున్నపురాయిని నీళ్లు కరిగించుకుంటూ పోయి చేసిన దారులివి. పాపకు సైన్స్ ఇష్టం కదా, పైకప్పు నుంచి వేలాడే ఊడల్లాంటి రాళ్లు ఎలా ఏర్పడ్డాయో చూపించి చెప్పు. నీటిలో కరిగిన సున్నం బొట్టు బొట్టుగా మిగిలిపోతూ వేల ఏళ్లలో అంతవుతుంది. లోపల అట్టడుగున పారే నీటిపాయను పాతాళగంగ అంటారు, అక్కడిదాకా మెట్లు దిగాలి, ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. అల్లుడికి మోకాళ్ల నొప్పి ఉందన్నావు, ఆయన అక్కడిదాకా దిగక్కర్లేదు, పైన లింగాల్లా కనిపించే రాళ్లు, కోటిలింగాలంటారు, అవి చూస్తే చాలు. చేతిలో నీళ్ల సీసా తప్ప బరువులు పెట్టుకోవద్దు, కొన్నిచోట్ల వంగి నడవాలి.

ఊరి నుంచి బేలం వంద కిలోమీటర్ల పైనే. కాబట్టి తెల్లారి బయలుదేరి ముందు యాగంటి చూసుకుని, బనగానపల్లె మీదుగా వెళ్లండి. యాగంటి నంది ఏటేటా పెరుగుతోందని అంటారు. కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పినట్టు మనవాళ్ల నమ్మకం. పిల్లలకు ఈ కథ దారిలోనే చెప్పు, గుడి చేరేసరికి నందిని చూడాలని వాళ్లే తొందరపెడతారు. ఆ రోజు ఈ రెండే. మహానంది, అహోబిలం కూడా కలిపేద్దామని అల్లుడు అంటాడు, ఒప్పుకోకు. నాలుగు చోట్లకు పరిగెత్తిన పిల్లలకు చివరికి గుర్తుండేది కారులో వాంతి చేసుకోవడమే.

మహానందిని ఎండాకాలానికి దాచుకో. కోనేట్లో నీళ్లు అడుగు కనిపించేంత తేటగా, ఎప్పుడూ పారుతూ ఉంటాయి. ఏప్రిల్‌లో పిల్లల్ని బయటికి తీసుకెళ్లాల్సి వస్తే నేను ముందు చెప్పేది అదే. సంగమేశ్వరం కూడా ఎండాకాలందే. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గితేనే ఆ గుడి బయటపడుతుంది. లోపల శివుడు వేపమొద్దు లింగం. మెట్టలో ఎండ మాడ్చేస్తుంది, పొద్దున ఎనిమిదింటికల్లా దర్శనం అయిపోవాలి. నీళ్లు ఎంతవరకు తగ్గాయో పేపర్లో జిల్లా వార్తలు చూసుకుని వెళ్లు. రోళ్లపాడు దగ్గర కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతుంటాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది. ఆ పిట్ట కనిపించడం ఇప్పుడు గగనమైపోయింది, నాకు చాలా బాధగా ఉంటుంది. జింకలైనా చూపించు.

నీళ్ల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తున్నా. వానాకాలంలో సుంకేసుల ఆనకట్ట చూడ్డానికి వెళ్లండి, తుంగభద్ర నిండుగా పారుతుంటే కళ్లు తిప్పుకోలేం. కానీ కట్ట మీద నిలబడే చూడండి. ఫోటో కోసమని ఎవరూ బండల మీదికి దిగొద్దు. పైన గేట్లెత్తితే నీళ్లు ఎంత తొందరగా పెరుగుతాయో అక్కడ నిలబడ్డవాళ్లకు తెలియదు. బండల మధ్య గుంతలు ఎంత లోతో పైనుంచి కనిపించదు. అల్లుడికి ఈత వచ్చినా ఇదే మాట.

దూరం వెళ్లలేని వారాల్లో ఊళ్లోనే సాయంత్రాలు గడపొచ్చు. కొండారెడ్డి బురుజు కింద నుంచి రోజూ వెళ్తుంటారు, ఎప్పుడైనా ఎక్కారా? అక్కణ్ణుంచి తుంగభద్ర కింద గద్వాల కోట దాకా సొరంగం ఉందని చెప్పుకుంటారు, బాబుకు ఆ మాట చాలు. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి ఉంది, గోల్ గుమ్మజ్ అంటారు. ఆ గుమ్మటాలు, వరుస కమానులు చూడముచ్చటగా ఉంటాయి, వెళ్లేవాళ్లే తక్కువ. సి క్యాంపు రైతు బజారుకు వెళ్లినప్పుడు పాపకు చెప్పు, 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి మన కర్నూలే రాజధాని, ప్రకాశం పంతులుగారు తొలి ముఖ్యమంత్రి, అప్పట్లో ఆఫీసులు గుడారాల్లో కూడా నడిచాయని. సి క్యాంపులోనే కళాక్షేత్రంలో నాటకాలు వేస్తుంటారు. పద్యనాటకం ఉన్న రోజు తప్పకుండా వెళ్లండి. రాగం తీస్తుంటే వెనక వరుసల్లోంచి "వన్స్ మోర్" అని కేకలు పడతాయి. పిల్లలకు భాష అర్థం కాకపోయినా ఆ ఊపు అర్థమవుతుంది.

క్లాసుల గురించి అడిగావు. ఒక్కొక్కరికి ఒక్కటే చాలు. పాపకు డాన్సు అంటే ప్రాణం కాబట్టి ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో కనుక్కో. సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, ఆ పైన డిప్లొమా 2 ఏళ్లు. మీకు మళ్లీ ట్రాన్స్‌ఫర్ టెన్షన్ ఉంది గనుక ఇంటి దగ్గర టీచరే మేలనిపిస్తే అలాగే చెయ్, కానీ ఫీజు కట్టే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడు. ముందు వరుసలో బాగా చేసే పిల్లను ఎవరైనా మెచ్చుకుంటారు. వెనక అడుగు తప్పుతున్న పిల్ల దగ్గరికి టీచర్ ఎన్నిసార్లు వెళ్లిందో అది గమనించు. వార్షికోత్సవానికి డ్రెస్సు, మేకప్ ఖర్చు ఎంతో కూడా ముందే అడుగు, తర్వాత మొహమాటపడాల్సి వస్తుంది. బాబుకు ఈత నేర్పించండి, నది ఒడ్డు ఊళ్లో అది అవసరం. సెలవుల్లో వేసవి శిబిరాలు పెడతారు, స్టేడియంలో ఏప్రిల్ మొదట్లోనే అడగాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు జిల్లా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాల దగ్గర కూర్చోబెట్టు, నువ్వూ పక్కనే ఏదైనా చదువుకో.

వచ్చే ఆదివారానికి అలంపురం అనుకో. శనివారం రాత్రే పెట్రోలు పోయించుకొమ్మని అల్లుడికి చెప్పు, పొద్దున బంకు దగ్గర అరగంట పోతే ఎండెక్కుతుంది. టోపీలు, తడి తుండుగుడ్డ, మజ్జిగ సీసా మర్చిపోవద్దు. తారకబ్రహ్మ గుడిని ముందు ఎవరు కనిపెట్టారో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

ప్రేమతో
పెద్దమ్మ