దివాలా కేసు కాగితంలో ముందు చూడాల్సింది తేదీ

ప్రశ్న అడిగినవారు ఇలా రాశారు: "మా దగ్గర సరుకు తీసుకున్న కంపెనీ దివాలా తీసిందని అంటున్నారు. హైదరాబాద్‌లో దివాలా కోర్టు రికార్డులు మామూలు జనం చూడవచ్చా? చూస్తే మనకు అర్థమవుతాయా?"

చూడవచ్చు, అర్థమవుతాయి కూడా. మొదటి విడత చూడటానికి లాయరు అక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. కానీ "అంటున్నారు" అన్న మాట దగ్గర ఆగిపోకండి, ఇవాళే వెతకండి. కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైతే బాకీ రావాల్సినవాళ్లు క్లెయిమ్ పెట్టుకోవడానికి ఇచ్చే గడువు 14 రోజులే. ఆ లెక్క మనకు కబురు అందిన రోజు నుంచి మొదలు కాదు.

మా బాబాయికి చర్లపల్లి పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. ఆయన లెక్కలు నేనే చూస్తాను. ఒక మందుల కంపెనీకి ఏళ్ల తరబడి పెట్టెలు పంపాడు. మొదట్లో నెలన్నరకు వచ్చే డబ్బు తర్వాత మూడు నెలలకు, ఆ తర్వాత ఆరు నెలలకు జరిగింది. ఫోను చేసినప్పుడల్లా వాళ్ల కొనుగోళ్ల మేనేజరుది ఒకటే పాట: "బ్యాంకు లిమిట్ రెన్యూవల్‌లో ఉంది సార్, ఈ లోడు పంపండి, పాతదీ కొత్తదీ కలిపి వేసేస్తాం." చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నుంచి చట్టం ఉంది. దాన్ని గట్టిగా గుర్తుచేస్తే మరుసటి ఆర్డరు రాదు. అందుకే బాబాయి లాంటివాళ్లు నోరు మెదపరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బాబాయి మా ఇంటికి వచ్చి, మడత పెట్టిన దినపత్రిక కాగితం బల్ల మీద పరిచాడు. పక్క యూనిట్ వాళ్లు చింపి ఇచ్చారట. టెండర్ నోటీసులకూ బ్యాంకు వేలం ప్రకటనలకూ మధ్య ఇరుక్కుని చిన్న గడి. పైన "ఫారం ఎ, ప్రజా ప్రకటన" అని ఉంది. కింద ఎడమ వైపు వరస సంఖ్యలు, కుడి వైపు వివరాలు. అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోనులో ఫోటో తీసి పెద్దది చేస్తేగాని అంకెలు విడివడలేదు. కంపెనీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, దివాలా ప్రక్రియ ప్రారంభమైన తేదీ, ఆ ప్రక్రియ నడిపించే తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ పేరు, ఈమెయిల్, క్లెయిములకు చివరి తేదీ అన్నీ అందులోనే ఉన్నాయి.

"మన డబ్బు పోయినట్టేనా అమ్మా?" అన్నాడు బాబాయి.

"అది తర్వాత చూద్దాం బాబాయ్. ఆఖరి రెండు లోడ్లు ఏ తేదీన పంపావో చెప్పు" అన్నాను.

బిల్లుల పుస్తకం తెప్పించి చూశాం. ఆఖరి రెండు లోడ్లూ గడిలో ఉన్న ప్రారంభ తేదీ తర్వాతే ఆ కంపెనీ గేటు దాటాయి. దివాలా రికార్డులో ఏ కాగితం చేతికి వచ్చినా ముందు ఆ తేదీ చూడమని అందరికీ చెప్పేది ఇందుకే. కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్, అంటే ఎన్‌సీఎల్‌టీ, పిటిషన్‌ను స్వీకరించిన రోజే ప్రక్రియ ప్రారంభమైన రోజు. దానికి ముందు పంపిన సరుకు బాకీ అయితే క్లెయిమ్ ఫారంలోకి వెళ్లి వరసలో నిలబడుతుంది. ఆ తర్వాత, కంపెనీ నడవడం కోసం తీసుకున్న సరుకు డబ్బు ప్రక్రియ ఖర్చు కింద లెక్క, అందరికంటే ముందు చెల్లించాల్సింది అదే. రెండూ కలిపి ఒకే లెక్కగా పంపితే ముందు రావాల్సిన డబ్బు కూడా వెనక వరసలో చేరుతుంది. మేము బిల్లులను రెండు కట్టలు చేశాం. పాతవాటికి ఫారం బి నింపి, బిల్లులు, ఈ-వే బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి ఈమెయిల్ చేశాం. కొత్తవాటికి విడిగా ఉత్తరం రాశాం. అప్పటికి గడువు ఇంకా మిగిలే ఉంది. దాటిపోయినవాళ్లూ దిగులు పడి కూర్చోవద్దు. ప్రక్రియ మొదలైన తేదీ నుంచి కనీసం 90 రోజుల వరకు, ఆలస్యానికి కారణం రాసి పెట్టుకునే వీలుంది.

బాకీ కోటి రూపాయలకు తక్కువైతే ఏమీ చేయలేమని బజారులో ఒక మాట నడుస్తోంది. అది సగమే నిజం. 2020 మార్చి నుంచి, కోటికి తక్కువ బాకీతో కంపెనీ మీద మనంతట మనం దివాలా పిటిషన్ వేయలేం. వేరొకరు వేసిన కేసులో క్లెయిమ్ పెట్టుకోవడానికి మాత్రం కనీస మొత్తం అంటూ లేదు. పదివేలు రావాల్సినవాడూ పెట్టుకోవచ్చు.

ఇక ఎక్కడ వెతకాలి అన్నది. వెతికేముందు సరైన పేరు కావాలి. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. బోర్డు మీద ఉండే పేరు వేరు, రిజిస్టరు అయిన పేరు వేరు. మీ బిల్లు మీద ఉన్న వాళ్ల జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే చట్టబద్ధమైన పేరు వస్తుంది. ఆ పేరుతో కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో మాస్టర్ డేటా చూడండి. కంపెనీ నడుస్తోందా, దివాలా ప్రక్రియలో ఉందా, లిక్విడేషన్‌లో, అంటే ఆస్తులు అమ్మి పంచే దశలో ఉందా అన్న స్థితి అక్కడే కనబడుతుంది. ఏ బ్యాంకుకు ఏమి తాకట్టులో ఉందో చెప్పే ఛార్జీల జాబితా కూడా చూడండి. ఆ జాబితా ఒక్కటి చదివితే ఏ కంపెనీ జాతకమైనా సగం తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

తర్వాత ఐబీబీఐ సైట్, అంటే దివాలా వ్యవహారాల నియంత్రణ సంస్థది. పత్రికలో వచ్చిన ఫారం ఎ అక్కడ ప్రజా ప్రకటనల విభాగంలో కంపెనీ పేరుతో దొరుకుతుంది, ట్రిబ్యునల్ ఆదేశాలూ దొరుకుతాయి. మూడోది ఎన్‌సీఎల్‌టీ సైట్. అందులో హైదరాబాద్ బెంచ్ ఎంచుకుని పార్టీ పేరుతో వెతికితే కేసు స్థితి, వాయిదాలు, ఆదేశాలు వస్తాయి. బెంచ్ బండ్లగూడలోని కార్పొరేట్ భవన్‌లో ఉంది. నాగోలు మెట్రో దిగి ఆటో పట్టుకోవాలి. పటాన్‌చెరు నుంచో జీడిమెట్ల నుంచో ఒక చిన్న వ్యాపారి ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాలంటే ఆ రోజు పని పోయినట్టే. కాబట్టి ముందు ఇంట్లో కూర్చుని వెతకండి.

కేసు నంబరే చాలా చెబుతుంది. సీపీ, బ్రాకెట్లో ఐబీ, తర్వాత వరస సంఖ్య, తర్వాత చట్టంలోని సెక్షన్ సంఖ్య 7 లేదా 9 లేదా 10, ఆపై హైదరాబాద్‌కు గుర్తుగా హెచ్‌డీబీ, చివర సంవత్సరం. 7 ఉంటే బ్యాంకు లాంటి అప్పు ఇచ్చినవారు వేసిన పిటిషన్. 9 ఉంటే సరుకో సేవో అందించినవారు వేసింది. 10 ఉంటే కంపెనీయే వచ్చి నేను కట్టలేనని చెప్పుకుంది. మధ్యలో కనిపించే ఐఏలు ఆ కేసులో పుట్టిన చిన్న దరఖాస్తులు. వాటిని చూసి బెదరకండి.

పిటిషన్ వేసినంత మాత్రాన కంపెనీ దివాలా తీసినట్టు కాదు. 9 కింద వేసినవి ఎన్నో స్వీకరించకముందే రాజీ అయిపోతాయి. ఆదేశం చివరి పేజీలకు వెళ్లండి. పిటిషన్‌ను స్వీకరించారా, కొట్టేశారా, ఉపసంహరించుకున్నారా అన్నది అక్కడ ఒక్క వాక్యంలో ఉంటుంది. స్వీకరించి ఉంటే వెంటనే మారటోరియం అన్న మాట కనబడుతుంది. అంటే ఇక ఆ కంపెనీ మీద విడిగా దావా వేయడం, వసూలుకు దిగడం కుదరదు. గోడౌనుకు వెళ్లి పెట్టెలు వెనక్కు తెచ్చుకుంటానని బాబాయి బయల్దేరితే ఆపింది నేనే.

ఆ తర్వాత కథ రెండు దారుల్లో ఒకటి పడుతుంది: బాకీలు ఎలా తీర్చి కంపెనీని నిలబెట్టాలో చెప్పే పరిష్కార ప్రణాళిక, లేదా లిక్విడేషన్. రెండింటికీ మన హైదరాబాద్ బెంచ్‌లోనే పేరుమోసిన ఉదాహరణలు ఉన్నాయి. కొత్త చట్టం, అంటే 2016 నాటి దివాలా చట్టం కింద దేశంలో ఆమోదం పొందిన మొదటి పరిష్కార ప్రణాళిక 2017 ఆగస్టులో ఇక్కడ తేలిన సినర్జీస్ డూరే కేసుది. ఏడాది తిరిగేసరికి, 2018 ఆగస్టులో, లాంకో ఇన్‌ఫ్రాటెక్‌ను లిక్విడేషన్‌కు పంపిందీ ఇదే బెంచ్. ప్రక్రియ ముగియడానికి చట్టంలో 180 రోజులు, పొడిగిస్తే 270, అన్నీ కలిపి 330 అని రాసి ఉంది. ఆ అంకెలు నమ్ముకుని పెళ్లి ముహూర్తాలు పెట్టుకోకండి.

మన లాంటివాళ్లకు అసలు రికార్డు బాకీ రావాల్సినవాళ్ల జాబితా. చాలామంది దాన్ని తెరవనే తెరవరు. ఆర్పీ, అంటే రిజల్యూషన్ ప్రొఫెషనల్, దాన్ని బహిరంగంగా పెట్టాలి. మాకు దొరికిన జాబితాలో మొదటి పేజీ నిండా బ్యాంకులు, కోట్లలో అంకెలు. పేజీలు తిప్పుకుంటూ పోతే ట్రాన్స్‌పోర్టువాళ్లు, క్యాంటీన్ కాంట్రాక్టరు, ప్రయోగశాల సామాను అమ్మినవాళ్లు, వాళ్ల మధ్య బాబాయి యూనిట్ పేరు. ఎదురుగా మూడు గళ్లు: అడిగిన మొత్తం, ఒప్పుకున్న మొత్తం, పరిశీలనలో ఉన్న మొత్తం. ఒప్పుకున్న గడిలో సున్నా ఉంది. కంపెనీ పుస్తకాల్లో కొన్ని బిల్లులు ఎక్కలేదట. సరుకు అందినట్టు వాళ్ల సెక్యూరిటీ ముద్ర ఉన్న చలానాలు స్కాన్ చేసి పంపాం. తర్వాత వచ్చిన జాబితాలో చాలా భాగం ఒప్పుకున్న గడిలోకి మారింది. జాబితా తెరిచి ఉండకపోతే ఆ సున్నా అలాగే ఉండిపోయేది.

ఒప్పుకున్నారు కదా అని అంతా చేతికి వస్తుందనుకోవద్దు. ప్రణాళిక మీద ఓటు బ్యాంకుల లాంటి ఆర్థిక రుణదాతల కమిటీది, 66 శాతం చాలు. సరుకు ఇచ్చినవాళ్లకు ఓటు లేదు. లిక్విడేషన్‌కు వెళ్తే పంపకంలో ప్రక్రియ ఖర్చులు, తాకట్టు ఉన్న బ్యాంకులు, కార్మికుల జీతాలు, ప్రభుత్వ బాకీలు అన్నీ అయ్యాక మన వంతు. పెట్టెలు లేకుండా ఏ మందుల కంపెనీ అయినా ఒక్క మాత్ర అమ్మగలదా? ఫ్లాటు కొన్నవాళ్లను 2018లో ఆర్థిక రుణదాతలుగా గుర్తించారు, మంచి పని చేశారు. చిన్న సరఫరాదారులకు ఆ గుర్తింపు ఎప్పుడిస్తారు?

ఇంకో బాధ కూడా చెప్పాలి. ప్రకటన ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో వేస్తే చట్టానికి సరిపోతుంది. ఆదేశాలన్నీ ఇంగ్లీషులోనే. ఆ రోజు ఆ పత్రిక కొననివాడి సంగతేమిటి? అదే గడిని తెలుగులో పెద్ద అక్షరాలతో కంపెనీ గేటుకు అంటించాలి. లోడు దింపే డ్రైవరు చదివి యజమానికి చెబుతాడు. పెద్ద ఖర్చేమీ కాదు.

కంపెనీ కాకుండా వ్యక్తి ఐపీ పెట్టాడంటే దారి వేరు. కంపెనీ అప్పులకు హామీ సంతకం చేసినవారిని మినహాయిస్తే మామూలు వ్యక్తులకు ఇప్పటికీ 1920 నాటి చట్టమే, సివిల్ కోర్టే. ఈ-కోర్ట్స్ సైట్‌లో తెలంగాణ, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పార్టీ పేరు, సంవత్సరం కొట్టాలి. ఎల్.బి.నగర్‌లో ఉన్నది రంగారెడ్డి జిల్లా కోర్టు. నగరంలో ఉండేవాళ్ల కేసు అక్కడ కూడా ఉండవచ్చు కాబట్టి హైదరాబాద్, రంగారెడ్డి రెండు జిల్లాలూ చూడండి. లక్ష్మిని ఇంగ్లీషులో ఎక్స్‌తో రాసేవారూ ఉన్నారు, కేఎస్‌హెచ్‌తో రాసేవారూ ఉన్నారు. అందుకే పూర్తి పేరు కాకుండా మొదటి కొన్ని అక్షరాలే ఇవ్వండి. ఐపీ నోటీసు మీ ఇంటికి వస్తే పక్కన పడేయకండి. అందులోని అప్పుల జాబితాలో మీ మొత్తం సరిగా రాశాడో లేదో, ఆస్తుల జాబితాలో ఏమి దాచాడో చూసి కోర్టులో హాజరవ్వండి. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో బంధువుల పేరు మీదికి ఊరికే మార్చిన ఆస్తిని రద్దు చేయించే వీలు ఆ చట్టంలోనే ఉంది.

ఆ మందుల కంపెనీ మీద బ్యాంకు పిటిషన్ ఎప్పుడు వేసిందో ఎన్‌సీఎల్‌టీ సైట్‌లో చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ప్రకటనకు చాలా నెలల ముందే వేశారు. వాయిదా మీద వాయిదా పడుతూ అందరికీ కనబడేలా ఉంది. ఆ నెలలన్నీ మేనేజరు "రెన్యూవల్" అంటూ పెట్టెలు తెప్పించుకున్నాడు. అందుకే ఇప్పుడు నెలకోసారి, అరువు ఎక్కువున్న ఖాతాదారుల పేర్లన్నీ ఆ సైట్‌లో కొట్టి చూస్తున్నాను. ఈమధ్య ఒక పేరు మీద 9 కింద పిటిషన్ కనబడింది, ఇంకా స్వీకరించలేదు. బాబాయికి చెప్పాను. ఆ కంపెనీకి ఇప్పుడు డబ్బు ముందు ఖాతాలో పడితేనే లోడు కదులుతోంది.