ముందు ఖాళీ గొట్టం చూడు

తార్నాక,
ఆదివారం.

చిట్టీ,

బొద్దింకలకు రకరకాల తిండి పెట్టి వాటి శ్వాస కొలిచే ప్రాజెక్టు తీసుకున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! నేనూ చాలా ఏళ్లు ఈ పనే చేశాను కదా, కొన్ని సంగతులు ముందే చెప్పాలనిపించింది.

బొద్దింకకు ఊపిరితిత్తులుండవు. ఒంటికి రెండు పక్కలా 10 జతల శ్వాసరంధ్రాలు, అక్కణ్ణుంచి కణాల దాకా పాకిన వాయునాళాలు. దాని రక్తం ఆక్సిజన్ మోయదు. ఏం తిని ఏం ఖర్చు పెడుతోందో తెలియాలంటే గాలి లెక్క చూడాల్సిందే.

పురుగును పెట్టి మూసిన గొట్టంలో కాస్టిక్ పొటాష్ బిళ్లలుంటే, అది వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను అవి లాగేస్తాయి. ఆ గొట్టానికి తగిలించిన సన్న గాజు గొట్టంలో రంగునీటి చుక్క పురుగు వైపు ఎంత జరిగితే అంత ఆక్సిజన్ ఖర్చయినట్టు. బిళ్లలకూ పురుగుకూ మధ్య జాలీ పెట్టు, తగిలితే దాని ఒళ్లు కాలిపోతుంది. తర్వాత బిళ్లలు తీసేసి మళ్లీ చూడు. బెల్లం, పిండి తిన్నదైతే పీల్చినంతా వదులుతుంది, చుక్క దాదాపు కదలదు. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కూ పీల్చిన ఆక్సిజన్‌కూ నిష్పత్తి 1. కొబ్బరి తిన్నా, పస్తున్నా నిష్పత్తి 0.7 వైపు దిగుతుంది, చుక్క లోపలికి పాకుతుంది. బెల్లం మరీ మెక్కి, ఆ చక్కెరను కొవ్వుగా దాచుకుంటుంటే నిష్పత్తి 1 దాటి చుక్క బయటికి నడుస్తుంది.

ఈ చివరిదే నన్ను ముంచింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం చుక్క చకచకా బయటికి నడిచింది. కొవ్వు తయారవుతోందని సంబరపడి నోట్‌బుక్ నింపేశాను. తీరా చూస్తే కరెంటు పోయి, ఫ్యాన్ ఆగి, గది వేడెక్కి గొట్టంలో గాలి వ్యాకోచించింది, అంతే! పక్కన పురుగు లేని గొట్టం ఒకటి పెట్టుకుని ఉంటే అందులోనూ చుక్క నడిచేది, అప్పుడే తెలిసేది. నెల రోజుల పని పోయింది. వేడి మారకుండా నువ్వు గొట్టాలన్నీ నీళ్ల తొట్టిలో ఉంచు. 10 డిగ్రీలు పెరిగితే పురుగు జీవక్రియ కూడా సుమారు రెట్టింపవుతుంది.

తిన్న వెంటనే కొలవకు. అరుగుదలకే శ్వాస పెరుగుతుంది, మాంసకృత్తులకైతే మరీనూ. అన్నిటికీ ఒకే గంటల పస్తు పెట్టి, తూకం వేసి కొలువు.

ఇంకొకటి. గ్రాము పిండికి సుమారు 0.8 లీటర్ల ఆక్సిజన్, గ్రాము కొవ్వుకు 2 లీటర్లు కావాలి. అలాగని కొవ్వు తిన్నది ఎక్కువ పీలుస్తుందని రాసేయకు తల్లీ. లీటరు ఆక్సిజన్‌కు వచ్చే శక్తి రెండిటికీ దాదాపు ఒకటే.

బెల్లం, ఎండుకొబ్బరి బేగంబజార్‌లో ఒకేసారి కొనుక్కో, మధ్యలో సరుకు మారకూడదు. సన్న గాజు గొట్టాలు నా దగ్గర పది దాకా ఉన్నాయి, శనివారం వచ్చి తీసుకెళ్లు.

నీ పెద్దమ్మ