వేదికపై వాయించడానికి అకౌస్టిక్ డ్రమ్స్ (కరెంటు అక్కర్లేని మామూలు డ్రమ్స్) మంచివా, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ మంచివా?

హాలు చిన్నదైతే ఎలక్ట్రానిక్ డ్రమ్స్, వేదిక పెద్దదై తగినన్ని మైకులూ మంచి సౌండ్ ఇంజినీరూ ఉంటే అకౌస్టిక్ డ్రమ్స్ ఎంచుకోవాలి.

కారణం మోత. కర్రలతో వాయించే అకౌస్టిక్ కిట్ దగ్గర శబ్దం తేలిగ్గా 100 డెసిబెల్స్ దాటుతుంది. మైకుల శబ్దాలను కలిపి సరిచేసే మిక్సర్ ఆ శబ్దాన్ని పెంచగలదే తప్ప, డ్రమ్ము నుంచి నేరుగా చెవికి చేరేదాన్ని తగ్గించలేదు. పైగా అది గాయకుల మైకుల్లోకీ దూరుతుంది. మిక్సర్‌లో గాయకుల గొంతు పెంచితే సింబల్స్ (కిట్‌లోని లోహపు పళ్లేలు) మోతా పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ కిట్‌లో ప్యాడ్‌పై పడ్డ దెబ్బను సెన్సర్ పసిగట్టి మాడ్యూల్ అనే పెట్టెకు చెబుతుంది, శబ్దం అక్కడ పుడుతుంది. కాబట్టి ఎంత వినిపించాలో మనమే నిర్ణయించవచ్చు.

బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉగాది పాటల కార్యక్రమం అనుకోండి. కప్పు ఎత్తు తక్కువ, నేలంతా టైల్స్, కిటికీలకు అద్దాలు. అక్కడ అకౌస్టిక్ కిట్ పెడితే పాట సాహిత్యం ఒక్క ముక్కా అర్థం కాదు. అదే ఆరుబయట మైదానంలో అయితే అకౌస్టిక్ కిట్‌కే నా ఓటు: స్నేర్ (కిట్‌లో గరగరమని పలికే చిన్న డ్రమ్ము)పై మెత్తని దెబ్బలు, సింబల్ మీద నెమ్మదిగా పెరిగే నాదం ప్యాడ్లపై అంత సహజంగా పలకవు. ఖరీదైన మాడ్యూల్స్ చాలావరకు దగ్గరికి వచ్చాయి, అది వేరే సంగతి.

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ అయితే ప్లగ్ పెట్టి వాయించేయవచ్చన్నది చాలామంది అపోహ. కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము) గంభీరంగా వినిపించాలంటే మంద్రస్థాయిని మోయగల స్పీకర్లు కావాలి. డ్రమ్మర్‌కూ తోటి వాద్యకారులకూ మానిటర్లు (వేదికపై ఉన్నవాళ్లు వినడానికి పెట్టే స్పీకర్లు) లేకపోతే లయ వాళ్లకే వినపడదు. కరెంటు పోతే అసలు శబ్దమే ఉండదు.