గదులు బాగున్నా యూనివర్సిటీ హాస్టల్ విద్యార్థులు ఎందుకు తృప్తిగా ఉండరు?

తృప్తి అనేది గది ఎంత పెద్దదన్న దాన్ని బట్టి మాత్రమే రాదు. ఆశించినదానికీ దొరికినదానికీ ఉన్న తేడాను బట్టి వస్తుంది. వినియోగదారుల తృప్తిపై మార్కెటింగ్ పరిశోధకుడు రిచర్డ్ ఆలివర్ 1980లో ప్రతిపాదించిన నమూనా సారాంశం ఇదే. ప్రవేశాలప్పుడు ఆశలు పెంచితే, మంచి గది కూడా చిన్నబోతుంది.

ఇంకో కారణం మరింత బలమైనది. ఉద్యోగుల గురించి మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పినది హాస్టళ్లకూ సరిపోతుందని నా అభిప్రాయం: కొన్ని ఉంటే ఎవరూ పొగడరు, లేకపోతే అందరూ బాధపడతారు. నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు, చదువుకునేంత నిశ్శబ్దం, తలుపుకు సరైన గడియ అలాంటివి. ఆటల గది ఎంత బాగున్నా, నీళ్లు రాని ఉదయాన్ని అది మరిపించలేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఫిర్యాదు చేశాక ఏం జరుగుతుందన్నది. మరమ్మతు ఆలస్యమైనా, ఎప్పుడు చేస్తారో చెబితే విద్యార్థులు ఓపిక పడతారు. జవాబే రాకపోతే తమను మనుషులుగా చూడడం లేదనుకుంటారు, ఆ బాధ న్యాయమైనదే. గదిలో తోటివారితో పొసగకపోతే మారే వీలూ ఉండాలి.

సర్వే చేసేవారు ‘తృప్తిగా ఉన్నారా?’ అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకూడదు. ఒక్కో సౌకర్యం గురించి విడిగా, పేరు అడగకుండా, చేరిన కొత్తలో ఒకసారి, ఏడాది చివర మరోసారి అడగాలి.