పెట్టుబడుల రంగానికి ఏ అర్హత మేలు: సీఎఫ్‌ఏనా, ఎఫ్‌ఆర్‌ఎమ్మా, సీఏనా?

మూడింటిలో ఏది గొప్పదని కాకుండా, రోజంతా ఏ పని చేయాలని ఉందో ముందు తేల్చుకోండి.

కంపెనీల విలువ కట్టడం, ఇతరుల సొమ్మును మదుపు చేయడం ఇష్టమైతే సీఎఫ్‌ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) సరైన దారి. ఇందులో మూడు స్థాయిలు ఉంటాయి. ఒక్కో స్థాయికి సుమారు 300 గంటల చదువు కావాలి. రోజుకు రెండు గంటలు కేటాయించినా ఐదు నెలలు పడుతుంది. ఉద్యోగం చేస్తూ అది తేలిక కాదు, ముందే లెక్క వేసుకోండి. పరీక్షలన్నీ గట్టెక్కినా పట్టా వెంటనే చేతికి రాదు. కనీసం 36 నెలల కాలంలో 4,000 గంటల సంబంధిత పని అనుభవం చూపించాలి.

బ్యాంకుల్లో నష్టభయాన్ని అంచనా వేసే పనికి ఎఫ్‌ఆర్‌ఎమ్ (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్) నప్పుతుంది: రెండు భాగాల పరీక్ష, రెండేళ్ల అనుభవం. ఆడిట్, పన్నుల వైపు మొగ్గితే సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్).

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. ఏదైనా కంపెనీ వార్షిక నివేదిక తెరిచి, లాభం పక్కన నగదు ప్రవాహం (నిజంగా చేతికి వచ్చిన, పోయిన డబ్బు) పెట్టి చూడండి. లాభం పెరిగినా నగదు ఎందుకు తగ్గింది? సరుకు పేరుకుపోయిందా, బాకీలు వసూలు కాలేదా? ఈ ఆరా మిమ్మల్ని గంటసేపు కూర్చోబెడితే సీఎఫ్‌ఏకు ధైర్యంగా పేరు నమోదు చేసుకోండి.